ఎనిమిదో మూల దగ్గర సందు వస్తోంది, కోణం కొలిచేందుకు ఏది కొనాలి?

పటాలషాపు_తిరుపతి
అందరికీ నమస్కారం. తిరుపతిలో పటాలు కట్టే చిన్న షాపు మాది. నాన్న కాలం నుంచి స్వామివారి పటాలే ఎక్కువ, అన్నీ నాలుగు మూలలవే, కాలితో తొక్కే కటింగ్ మిషన్‌లో 45 డిగ్రీలు కదలకుండా ఫిక్స్ చేసి ఉంటుంది కాబట్టి కోణం కొలవాల్సిన పని ఇంతవరకు పడలేదు. పోయిన సంవత్సరం మైటర్ సా, అంటే కావాల్సిన కోణానికి తిప్పి చెక్క కోసే రంపం మిషన్, కొన్నాను. ఇప్పుడు ఒక కల్యాణ మండపం వాళ్లు ఎనిమిది పలకల అద్దాల ఫ్రేములు నాలుగు కావాలన్నారు. చెక్క వెడల్పు 75 మి.మీ. మిషన్‌ని 22.5 దగ్గర పెట్టి కోస్తున్నా. ఏడు మూలలు బాగా మూసుకుంటాయి, ఎనిమిదో మూల దగ్గరికి వచ్చేసరికి లోపలి వైపు అగ్గిపుల్ల దూరేంత సందు. రెండు ఫ్రేములకీ అదే కథ. లప్పం పెట్టి పాలిష్ కొడితే దూరం నుంచి తెలియదు కానీ నాకు మనసు ఒప్పడం లేదు.

ఆన్‌లైన్‌లో రెండు స్టీలు చేతులుండే డిజిటల్ ప్రొట్రాక్టర్ తెప్పించా, అది 22.50 అనే చూపిస్తోంది. ఇంకా మంచిది కొనాలా? ఏది కొనాలి? మూడు నాలుగు వేల వరకు పెట్టగలను, అంతకు మించితే ఇంట్లో తిట్లు తప్పవు.

బీటెక్_మెక్
అన్నా, కొనే ముందు ఫోన్‌లో యాంగిల్ యాప్ ట్రై చెయ్, ఫ్రీ. నేను హాస్టల్లో షెల్ఫ్ దానితోనే బిగించా, పర్ఫెక్ట్.

గేట్లు_గ్రిల్స్
షెల్ఫ్ మీద పుస్తకాలు జారిపోకుంటే చాలు తమ్ముడూ, అద్దం ఫ్రేముకి అది చాలదు. పటాల అన్నా, నేను డిజిటల్ యాంగిల్ బాక్స్ వాడతా, అగ్గిపెట్టెకి అన్న లాగా ఉంటుంది, అడుగున మాగ్నెట్. మెట్ల రెయిలింగ్‌కి దాన్ని మించింది లేదు. పైపు మీద అతికిస్తే చాలు, స్లోపు వచ్చేస్తుంది. నాకు పదమూడు వందలు పడింది. అదే తీసుకో.

లేత్_గాజులమండ్యం
పైన గేట్ల అన్న చెప్పింది మంచి సాధనమే కానీ ఈ పనికి పనికిరాదు. ఆ బాక్స్ భూమి ఆకర్షణ ఆధారంగా కొలుస్తుంది, లోపల ఫోన్‌లో ఉండే లాంటి సెన్సరే. నిలువుగా వంగితేనే దానికి తెలుస్తుంది. మైటర్ సా టేబుల్ పక్కకు తిరుగుతుంది, అంటే బల్ల మీద అడ్డంగా తిరిగే కోణం. బాక్స్‌ని టేబుల్ మీద పెట్టి ఎంత తిప్పినా 0.0 అనే చూపిస్తుంది. మా దగ్గర ఒక కుర్రాడు కొత్తగా తెచ్చుకుని ఇట్లాగే తిప్పి తిప్పి చూసి, పీస్ పాడైందని రిటర్న్ పెట్టేశాడు.

బ్లేడు టేబుల్‌కి సరిగ్గా 90లో నిలబడి ఉందా లేదా చూడటానికి మాత్రం అది బంగారం. ముందు టేబుల్ మీద పెట్టి జీరో నొక్కాలి, తర్వాత బ్లేడు మీద అతికించాలి. పళ్లకు తగలకుండా రేకు భాగం మీదే పెట్టాలి. టేబుల్ వంకరగా ఉన్నా ఫరవాలేదు, రెండిటికీ మధ్య తేడానే కదా కావాల్సింది. మైటర్ సా టేబుల్ అల్యూమినియం అయితే మాగ్నెట్ పట్టదు, ఊరికే ఆనించి పెట్టు, అంతే.

గేట్లు_గ్రిల్స్
అవునప్పా, అడ్డం నిలువు సంగతి నాకు తట్టలేదు. మేము కొలిచేదంతా నిలువే కదా.

రిటైర్డ్_ఐటీఐ
పటాలషాపు బాబూ, కొనే సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు నీ సందు ఏం చెప్తోందో విను.

ఎనిమిది పలకలంటే ఎనిమిది ముక్కలు, ఒక్కో ముక్కకి రెండు చివరలు, మొత్తం పదహారు కోతలు. ఒక్కో కోతలో తప్పు ఎంత చిన్నదైనా అన్నీ ఒకే దిక్కుకి పోతాయి, ఎందుకంటే మిషన్ సెట్టింగు ఒకటే. ఏడు మూలలు నువ్వు గట్టిగా నొక్కి మూసేశావు, ఆ మొత్తం తప్పంతా ఎనిమిదో మూలలోకి వచ్చి కూర్చుంది.

లెక్క చూడు. 75 మి.మీ. చెక్కని 22.5 డిగ్రీల్లో కోస్తే కోత ముఖం పొడవు దాదాపు 81 మి.మీ. అగ్గిపుల్ల మందం 2 మి.మీ. అనుకుందాం. 2ని 81తో భాగించి, డిగ్రీల్లోకి మార్చడానికి 57.3తో గుణిస్తే సుమారు 1.4 డిగ్రీలు. దాన్ని పదహారుతో భాగించు: 0.09 డిగ్రీ. నీ మిషన్ ఒక్కో కోతకి 0.09 డిగ్రీ తప్పుతోంది, అంతే. లోపలి వైపు సందు అంటే కోణం ఎక్కువైంది, 22.5 బదులు 22.59 దాకా కోస్తోంది. బయటి వైపు సందు వచ్చి ఉంటే తక్కువైనట్టు.

ఇప్పుడు నీ డిజిటల్ ప్రొట్రాక్టర్ పెట్టె తీసి సన్న అక్షరాల్లో ఏముందో చదివి ఇక్కడ రాయి.

పటాలషాపు_తిరుపతి
సార్, పెట్టె వెతికి తీశా. రిజల్యూషన్ 0.05 అని పెద్దగా ఉంది. కింద ఆక్యురసీ ±0.3 అని ఉంది.

రిటైర్డ్_ఐటీఐ
అదీ సంగతి. తెర మీద 0.05 దాకా అంకెలు కనిపిస్తాయి, కానీ అది చెప్పే మాట 0.3 దాకా అటో ఇటో ఉండొచ్చు అని తయారు చేసినవాడే రాసిచ్చాడు. నువ్వు వెతికే తప్పు 0.09. గజం బద్దతో వెంట్రుక మందం కొలిచినట్టు ఉంటుంది. ముప్ఫై ఏళ్లు క్లాసులో ఈ రెండు మాటల తేడా చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. రిజల్యూషన్ అంటే ఎంత సన్నగా చూపిస్తుందనేది. ఆక్యురసీ అంటే చూపించినదాంట్లో ఎంత నిజమనేది. అంగట్లో మాత్రం మొదటిదే పెద్ద అక్షరాల్లో వేస్తారు.

బీటెక్_మెక్
సార్, మరి ఫోన్ యాప్ ఆక్యురసీ ఎంత ఉంటుంది?

లేత్_గాజులమండ్యం
నువ్వే కొలుచుకో తమ్ముడూ, నమ్మకం కుదురుతుంది. ఫోన్‌ని కెమెరా ఉబ్బు తగలకుండా పక్క అంచు మీద బల్లపై నిలబెట్టు, రీడింగ్ రాసుకో. అదే చోట చివరలు మార్చి, అంటే 180 డిగ్రీలు తిప్పి నిలబెట్టు, మళ్లీ రాసుకో. ప్లస్ మైనస్ గుర్తులు మర్చిపోకు.

బీటెక్_మెక్
మొదట +0.6, తిప్పాక −0.2.

లేత్_గాజులమండ్యం
రెండూ కలిపి సగం చెయ్, +0.2. అది నీ ఫోన్ తప్పు. తేడాలో సగం 0.4, అది నీ బల్ల వాలు. షెల్ఫ్ పర్ఫెక్ట్ అన్నావే, ఒకసారి దాని మీద గోలీ పెట్టి చూడు.

బీటెక్_మెక్
😅 సరే అన్నా. షెల్ఫ్ జోలికి పోవద్దు.

లేత్_గాజులమండ్యం
నవ్వులాట కాదు గానీ, ఈ తిప్పి చూసే పద్ధతి అన్నింటికీ పనికొస్తుంది. రసమట్టం అయినా అంతే, 90 డిగ్రీలు చూసే గునియా అయినా అంతే. గునియాని వంకర లేకుండా తిన్నగా ఉన్న చెక్క అంచుకి ఆనించి సన్న పెన్సిల్‌తో గీత గీయి. గునియాని తిరగేసి, అదే చుక్క నుంచి మళ్లీ గీయి. రెండు గీతలూ ఒకటైతే గునియా మంచిది. పైన విడిపోతే ఆ ఎడంలో సగం నీ గునియా తప్పు. సర్టిఫికెట్ అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు. మనం కొనే గునియాల్లో కూడా గ్రేడులుంటాయి, జర్మనీ ప్రమాణం డీఐఎన్ 875లో గ్రేడ్ 0 అయితే 100 మి.మీ. పొడవుకి 7 మైక్రాన్లే తేడా ఒప్పుకుంటారు, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు అనుకో. చెక్కపనికి అంత వద్దు, కానీ షాపులో ఒక్కటైనా నమ్మకమైన గునియా ఉండి తీరాలి. మిగతావన్నీ దానితో పోల్చుకోవాలి.

గ్రానైట్_చిత్తూరు
చిత్తూరు నుంచి. మాది వంటింటి గ్రానైట్ ప్లాట్‌ఫాం పని. మా బాధ వేరే, గోడ మూల ఎప్పుడూ 90 ఉండదు. మేస్త్రీ ప్రాణం పోయినా 90 అనే చెప్తాడు. డిజిటల్ ప్రొట్రాక్టర్ పెడితే 200 మి.మీ. చేతులు ఆ 200 మి.మీ. గోడనే చూస్తాయి, అక్కడ సిమెంటు ఒక చుక్క ఉబ్బినా పోయింది. నేను 3-4-5 వాడతా. ఒక గోడ మీద 1500, రెండో గోడ మీద 2000 గుర్తు పెట్టి టేపు అడ్డంగా లాగితే 2500 రావాలి. అందులో 1 మి.మీ. తేడా వస్తే కోణంలో 0.05 డిగ్రీ కూడా ఉండదు. ఏ వెయ్యి రూపాయల మిషను ఇస్తుంది ఇంత? అదే చిన్నగా 600-800-1000 తీసుకుంటే 1 మి.మీ.కి 0.12 డిగ్రీ వస్తుంది. అంటే ఎంత దూరం తీసుకుంటే అంత మేలు.

ఇంకా వంకరగా ఉంటే కొలవడం మానేసి అట్ట ముక్క కోసి మూలలో ఇరికించి, ఆ అట్ట తీసుకెళ్లి రాయి మీద పెట్టి గీత గీస్తా. డిగ్రీలు ఎంతో నాకూ తెలీదు, రాయికీ తెలీదు, సరిగ్గా కూర్చుంటుంది.

పటాలషాపు_తిరుపతి
ఇది బాగుందన్నా. అయితే 22.5కి కూడా ఇట్లా కొలత తీసుకోవచ్చా?

రిటైర్డ్_ఐటీఐ
ఎందుకు తీసుకోకూడదు. 22.5 డిగ్రీల టాంజెంట్ 0.4142. మంచి ప్లైవుడ్ ముక్క తీసుకో, ఒక అంచు తిన్నగా ఉండాలి. దాని మీద 500 మి.మీ. కొలిచి, అక్కడి నుంచి గునియాతో నిలువు గీత గీసి 207.1 మి.మీ. దగ్గర బ్లేడుతో చిన్న గాటు పెట్టు, పెన్సిల్ వద్దు. రెండు కొసలూ కలిపితే 22.5. ఎత్తులో అర మి.మీ. తప్పు చేసినా కోణం 0.05 డిగ్రీ మాత్రమే మారుతుంది. స్టీల్ స్కేలుతో అర మి.మీ. కంటే బాగానే కొలుస్తాం కదా. నీ చేతిలో ఉన్న ప్రొట్రాక్టర్ కంటే ఆరు రెట్లు మేలైన సాధనం ప్లైవుడ్ ముక్కతో వచ్చేసింది.

మెషిన్ షాపుల్లో సైన్ బార్ అని వాడేదీ ఇదే సూత్రం. రెండు రోలర్ల మధ్య సరిగ్గా 100 మి.మీ. దూరం ఉంటుంది, ఒక రోలర్ కింద 50 మి.మీ. స్లిప్ గేజులు (కచ్చితమైన మందం ఉన్న ఉక్కు దిమ్మలు) పెడితే 30 డిగ్రీలు. 22.5 కావాలంటే 38.268 మి.మీ. పేర్చాలి. కోణాన్ని నేరుగా కొలవడం కష్టం, పొడవుని కొలవడం సులువు. అందుకే మనవాళ్లు కోణాన్ని పొడవుగా మార్చుకుంటారు. 45 డిగ్రీలు దాటితే మాత్రం సైన్ బార్‌ని నమ్మకూడదు, ఎత్తులో చిన్న తేడా కూడా కోణంలో పెద్దదై కూర్చుంటుంది.

కలంకారీ_కాళహస్తి
నమస్తే, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తాను, చిన్న చిన్న బొమ్మలకి ఆరు పలకల ఫ్రేములు నేనే చేసుకోవాలని చిన్న మైటర్ సా తెప్పించుకున్నా. 30 డిగ్రీలు పెట్టి కోస్తే నాకూ చివరి మూల సందు వస్తోంది. ఈ టాంజెంట్లు స్కూల్లోనే వదిలేశాను సార్. ఇంకా తేలిక మార్గం ఉందా?

రిటైర్డ్_ఐటీఐ
ఉందమ్మా. ఆరు ముక్కల్ని ఒకేసారి అతికించకు. మూడు మూడు కలిపి రెండు సగాలు చెయ్. రెండు సగాలనీ ఎదురెదురుగా పెట్టి చూస్తే, చివరలు సరిగ్గా కలవకపోతే సందు కనిపిస్తుంది. ఇప్పుడు మందపాటి అద్దం మీద 80 నంబరు ఉప్పుకాగితం అతికించు. ఒక సగాన్ని నిలబెట్టి, దాని రెండు చివరలూ ఒకేసారి కాగితానికి తగిలేలా ముందుకీ వెనక్కీ రుద్దు. రెండు ముఖాలూ ఒకే మట్టానికి వచ్చేస్తాయి. రెండో సగానికీ అంతే. తర్వాత రెండూ కలిపి అతికిస్తే సందు ఉండదు. ఆరు మూలల్లో ఒక్కోటి వెంట్రుకంత తేడా ఉండొచ్చు, అది కంటికి కనపడదు. సందు మాత్రం కనపడుతుంది కదా, దాన్ని చంపేశాం.

రుద్దేటప్పుడు ఫ్రేము పక్కకు వాలకుండా ఒక నిలువు చెక్కకు ఆనించి పట్టుకో. వాలిందంటే ఫ్రేము మెలిక తిరుగుతుంది.

కలంకారీ_కాళహస్తి
అయ్యో, ఇంత తేలికా. నేను ఏమీ కొనక్కర్లేదన్నమాట. మా ఆయనకి ఈ పోస్టు చూపిస్తా, మిషన్ కొన్నప్పుడే నసిగారు.

పటాలషాపు_తిరుపతి
సార్, మరి నాకు? నాలుగు నాలుగు కలిపి చేస్తే సరిపోతుందేమో కానీ నాకు కోతే సరిగ్గా రావాలి, రేపు ఇంకో ఆర్డరు వస్తే మళ్లీ రుద్దుకుంటూ కూర్చోలేను.

లేత్_గాజులమండ్యం
22.5 దగ్గర మైటర్ సాకి కింద గాడి ఉంటుంది, లాక్ అక్కడ టక్కున పడుతుంది కదా. ఆ గాడి నుంచి 0.09 మాత్రమే తప్పించి బిగించాలంటే చేతితో కుదరదు, మళ్లీ గాడిలోకే జారిపోతుంది. కాగితం వాడు. మామూలు ఏ4 కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ముక్క ఒకచోట వెనక ఆనించే పట్టీకి, అంటే ఫెన్స్‌కి తగిలి, అక్కడి నుంచి 130 మి.మీ. అవతల ఫెన్స్‌కీ ముక్కకీ మధ్య రెండు కాగితాలు పెడితే 0.09 డిగ్రీ తిరుగుతుంది. లెక్క నేను వేశా, 0.2ని 130తో భాగించి చూసుకో. ఏ చివర పెడితే కోణం తగ్గుతుందో వేస్టు ముక్కల మీద కోసి తెలుసుకో. పనికిరాని చెక్కతో ఎనిమిది చిన్న ముక్కలు కోసి రబ్బరు బ్యాండ్ వేసి చూడు. ఆ సందు నీ తప్పుని పదహారు రెట్లు పెద్దది చేసి చూపిస్తోంది, ఇంత సూక్ష్మంగా చూపించే సాధనం మూడు వేలకి దొరకదు.

అయినా కొనాలనే ఉంటే, వెర్నియర్ బెవెల్ ప్రొట్రాక్టర్ కొను. ఐదు నిమిషాల దాకా చదవొచ్చు, అంటే డిగ్రీలో పన్నెండో వంతు. ప్రధాన స్కేలు మీద 23 డిగ్రీల జాగాని పక్కనే జరిగే చిన్న స్కేలు అయిన వెర్నియర్‌లో 12 భాగాలు చేసి ఉంటారు, ఒక్కో భాగం 1 డిగ్రీ 55 నిమిషాలు, 2 డిగ్రీలకి 5 నిమిషాలు తక్కువ. ఏ గీత ఏ గీతతో కలిసిందో భూతద్దంతో చూసుకోవాలి, అలవాటయ్యేదాకా కళ్లు నొప్పి. బ్యాటరీ గొడవ లేదు. మా లేత్ దగ్గర ఉన్నది నాకంటే సీనియర్, దాన్ని కింద పడేసినవాడికి ఆ రోజు టీ బంద్. కానీ నీ 0.09ని పట్టుకోవడానికి అది కూడా అంచు మీదే ఉంటుంది, ముందే చెప్తున్నా.

గేట్లు_గ్రిల్స్
తిరుపతిలో ఎక్కడ దొరుకుతుంది?

లేత్_గాజులమండ్యం
నేను చెన్నై బ్రాడ్‌వేలో తెచ్చుకున్నా. పొద్దున్నే రైలు ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటావు. షాపులోనే చేతిలోకి తీసుకుని, మంచి గునియా పక్కన పెట్టి 90 చూపిస్తుందా చూడు, బిగించే స్క్రూ తిప్పినప్పుడు రీడింగ్ జరుగుతుందా చూడు. పేరున్న జపాన్ కంపెనీ స్టిక్కర్ అంటించిన నకిలీలు ఆన్‌లైన్‌లో చాలా ఉన్నాయి, నేనూ ఒకటి కొని మోసపోయా. గీతలు తుడిస్తే పోయాయి.

మోడరేటర్
ఎవరూ షాపుల ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. ఒకటి తీసేశాను.

సోలార్_రేణిగుంట
ఇదంతా చదివి భయమేస్తోంది. నేను మేడ మీద ప్యానెళ్లు ఫోన్‌తోనే వాలు పెట్టి బిగిస్తున్నా. తిరుపతి అక్షాంశం 13.6 కాబట్టి ఇంచుమించు 13, 14 డిగ్రీలు పెడుతున్నాం. తప్పేనా?

రిటైర్డ్_ఐటీఐ
నీకు ఫోన్ చాలు నాయనా. రెండు డిగ్రీలు తప్పినా కొసైన్ 0.9994, కరెంటులో ఏమీ తేడా రాదు. ఫోన్ ఉండాల్సింది నీ దగ్గరే, పటాల షాపులో కాదు. గాలికి ఎగిరిపోకుండా బోల్టులు చూసుకో.

పటాలషాపు_తిరుపతి
కాగితం పద్ధతి పొద్దున్నే ట్రై చేశా. రెండు కాగితాలకి సందు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, మూడు పెడితే ఇంచుమించు మూసుకుంది. కాస్త బయటి వైపు వెంట్రుక సందు వచ్చిందేమో అనిపిస్తోంది. చాలా సంతోషం.

ఇంకొకటి అడగాలి. పోయిన నవంబరులో ముసురు పట్టినప్పుడు ఒక ఇంటికి పెద్ద పటాలు ఐదు చేసిచ్చా, 45 డిగ్రీలవి, వేప చెక్క, 75 మి.మీ. వెడల్పే. పాత కాలితొక్కుడు మిషన్‌లోనే కోశా. అప్పుడు ఒక్క మూల కూడా సందు లేదు. మొన్న మే నెలలో వాళ్లు ఫోన్ చేసి తిట్టారు, ఐదింటికీ అన్ని మూలలూ లోపలి వైపు విడిపోయాయట. అంటే ఆ మిషన్ కూడా కోణం తప్పిందా? నాన్న మిషన్ అది, నాకు నిద్ర పట్టలేదు.

మాధవమాల_కొయ్య
ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నా, ఇది మాత్రం నేను చెప్పాలి. మాది మాధవమాల, కొయ్యబొమ్మలు చెక్కే ఊరు. మీ నాన్నగారి మిషన్‌ని ఏమీ అనొద్దు. తప్పు చెక్కది, ఇంకా చెప్పాలంటే కలప డిపోవాడిది.

చెక్క ఆరేటప్పుడు పొడవులో పెద్దగా తగ్గదు, వెడల్పులో తగ్గుతుంది. ముసురులో పచ్చిగా కోసినది మే ఎండకి వెడల్పులో తగ్గింది. 45లో కోసిన మూలలో వెడల్పు తగ్గి పొడవు అట్లాగే ఉంటే ఆ కోత 45 ఎట్లా ఉంటుంది? సార్ లెక్క వేసి చెప్పాలి కానీ, కోణం పెరుగుతుంది, లోపల విడిపోతుంది. అదే వానాకాలం ఉబ్బితే బయటి వైపు విడుస్తుంది. లోపల విడిచిందా బయట విడిచిందా అని అడిగి నేను చెక్క ఏ కాలంలో కోశారో చెప్పేస్తా.

రిటైర్డ్_ఐటీఐ
వేశాను ఆచారి గారూ. వెడల్పు 75లో రెండు శాతం తగ్గిందనుకుంటే, అంటే ఒకటిన్నర మి.మీ., కోత 45 నుంచి 45.58 అవుతుంది. ఒక మూలలో రెండు ముక్కలు కలిసి 1.16 డిగ్రీలు. మనం నాలుగు రోజులుగా 0.09 కోసం కొట్టుకుంటున్నాం. నాకు ఇది తట్టనందుకు సిగ్గుగా ఉంది.

మాధవమాల_కొయ్య
సిగ్గెందుకు సార్, మీది ఇనుము, మాది కొయ్య. మీ ఉక్కు ఎండకి పెరిగినా అన్ని వైపులా ఒకేలా పెరుగుతుంది, కోణం మారదు. కొయ్యకి ఆ న్యాయం లేదు.

పటాల బాబూ, ఆ డిజిటల్‌వి కొనే డబ్బుతో తేమ మీటరు కొనుక్కో, రెండు సూదులు ఉంటాయి, చెక్కలో గుచ్చితే శాతం చూపిస్తుంది. పదీ పన్నెండు వచ్చేదాకా కోయొద్దు. మీటరు లేకపోతే ఒక ముక్కని తూకం వేసి రాసి పెట్టు, వారం వారం తూచు. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. మేము ఇప్పటికీ అదే చేస్తాం. టేకు అయితే ఇంత బాధ ఉండదు, వేపకి, తుమ్మకి ఓపిక కావాలి.

వెడల్పు చెక్క వాడకపోవడం ఇంకా మంచిది. 75కి బదులు 40 వెడల్పు వాడితే సందు కూడా దాదాపు సగానికి వస్తుంది.

గ్రానైట్_చిత్తూరు
అందుకే నేను రాయి పట్టుకున్నా.

పటాలషాపు_తిరుపతి
ఆచారి గారూ, ఈ మాటకి మీకు ఎంత రుణపడ్డానో చెప్పలేను. డిపోకి వెళ్లి గట్టిగా అడిగితే ఆ చెక్క నరికి అప్పటికి నెల కూడా కాలేదని ఒప్పుకున్నాడు. తేమ మీటరు ఆర్డర్ పెట్టా. మండపం చెక్కలో గుచ్చి చూశాకే మిగతావి కోస్తా, వాళ్లని పది రోజులు ఆగమన్నా. ఆ ఇంటి పటాలు ఐదూ వెనక్కి తెప్పించుకుని మూలలు విప్పి మళ్లీ కోస్తా, పొడవు కాస్త తగ్గుతుంది, అద్దాలు కూడా మార్చాలి. నష్టం నాదే.

(తొమ్మిది రోజుల తర్వాత)

పటాలషాపు_తిరుపతి
మీటరు వచ్చింది. మండపం చెక్క 17 చూపించింది! మీరు చెప్పకపోతే అవి కూడా వచ్చే మేలో విడిపోయేవి. డాబా మీద నీడపట్టున అడ్డకర్రలు పెట్టి పేర్చాను, ఇప్పుడు 13కి వచ్చింది. ఈలోగా ఒక పాత టేకు తలుపు చెక్కతో శాంపిల్ ఫ్రేము ఒకటి చేశా, మూడు కాగితాలతో కోసి, నాలుగు నాలుగు కలిపి. ఈసారి ఉప్పుకాగితం మీద నాలుగైదు సార్లు రుద్దితే సరిపోయింది. ఎనిమిదో మూల ఏదో నాకే గుర్తు పట్టడం చేతకాలేదు, వెనక పెన్సిల్ గుర్తు చూసి తెలుసుకున్నా.

బెవెల్ ప్రొట్రాక్టర్ ఇంకా కొనలేదు. ప్లైవుడ్ ముక్క గోడకి మేకు కొట్టి వేలాడదీశా, దాని మీద 22.5 అని రాసి.

బీటెక్_మెక్
అన్నా, ఆ రెండు చేతుల డిజిటల్ ప్రొట్రాక్టర్ ఏం చేశావ్? వద్దంటే నేను తీసుకుంటా, ప్రాజెక్ట్ ఉంది.

పటాలషాపు_తిరుపతి
తీసుకో తమ్ముడూ, సాయంత్రం షాపుకి రా. ±0.3 అని దాని మీద స్కెచ్ పెన్‌తో రాశా, చెరిపేయొద్దు.

సార్, ఇంకో డౌటు. మండపం వాళ్లకి శాంపిల్ నచ్చింది, గేటు పక్కన పన్నెండు పలకలది ఒకటి కావాలంటున్నారు. 15 డిగ్రీలు, ఇరవై నాలుగు కోతలు. ఒప్పుకోమంటారా?

రిటైర్డ్_ఐటీఐ
ఒప్పుకో. 500కి 134 పెట్టి ప్లైవుడ్ మీద గీసుకో, ఆరూ ఆరుగా సగాలు చెయ్. ముందు చెక్క తూచి రాసి పెట్టు.